ఎర్రగుడ్డ కట్టు

నన్ను ఈ చుట్టుపక్కల అందరూ విలన్ అంటారు. అననీ. భానుచందర్‌ని హీరో అనే నోళ్ళు నన్ను మంచిదాన్నంటే నాకే అవమానంగా ఉండేది.

భానుచందర్ గాల్లో ఎగురుతాడు. నాతోపాటే ఇంటర్ చదివాడు. అప్పుడే వాడికి అద్దం కనిపిస్తే కాళ్ళు ఆగిపోయేవి. ఇప్పుడు భుజాన ఎర్ర శాలువా, ఒళ్ళంతా సెంటు. వాడు వాలిన చోట ఆ వాసన పొద్దుగూకేదాకా పోదు. వాడి ఫ్లెక్సీకి పాలాభిషేకం చేస్తారు. ఆ పాలు ఎండకు పులిసి, ఈగలు ముసురుతాయి. థూ.

నాకూ ఒక శక్తి ఉంది. నేను తలచుకుని పట్టుకుంటే ఎముక విరుగుతుంది. పుత్తూరులో మా నాయన సుబ్బన్న విరిగిన ఎముకలకు కట్టు కడతాడు. ఎముక వంకరగా అతుక్కుంటే దాన్ని మళ్ళీ విరిచి, తిన్నగా కట్టాలి. లోపలి గదిలో తలుపు వేసుకుని ఆ విరిచే పని నేను చేస్తాను. మొన్నటిదాకా బయట ఎవరికీ తెలియదు.

ఆ మధ్య వడమాలపేట దగ్గర ఒక బస్సు కాలువలోకి ఒరిగి ఆగిపోయింది. తలుపు తెరిచే ఉంది, జనం నడిచే దిగుతున్నారు. కానీ ఫోన్లన్నీ కిటికీల వైపున్నాయి. అందుకని మన హీరో జెస్సీ అనే చిన్నపిల్లను చెయ్యి పట్టి కిటికీలోంచి లాగాడు. ముంజేయి పుటుక్కుమంది. వెంటనే శాలువా చించి, ఫోన్లకేసి నవ్వుతూ కట్టు కట్టాడు. పైన పటారం, లోన లొటారం.

కొన్ని వారాలకు, ఆ ఎర్రగుడ్డతోనే, తల్లి తాయమ్మ పిల్లను మా ఇంటికి తెచ్చింది. చెయ్యి వంకర తిరిగింది, వేళ్ళు ముడుచుకుపోయాయి. చర్చిలో కీబోర్డు వాయించే పిల్లట.

"కట్టు మాత్రం ఇప్పొద్దన్నా. దేవుడే ఆ పిల్లోణ్ణి పంపినాడు. పైపైన నూనె రాసి పంపీ," అంది తాయమ్మ.

"ఎముక వంకరగా అతుక్కోని ఉండాది తల్లీ. మళ్ళా ఇరిసి కట్టాల. ఆలస్యమైతే ఆ వేళ్ళు ఇంక తెరుసుకోవు," అన్నాడు నాయన.

"దేవుడి కట్టు ఇప్పేదా? పాపమన్నా," అని పిల్లను లాక్కుని వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "బలవంతంగానైనా ఇప్పి ఉండాల్సింది నాయనా."

"తల్లే వద్దనింది గదా. కందకు లేని దురద కత్తిపీటకెందుకు మే?"

ఆ దురద నాకుంది. ఏం చెయ్యను?

ఆదివారం వడమాలపేటలో భానుచందర్‌కి సన్మానం పెట్టారు. నేనూ వెళ్ళాను. దండ వేయడానికి జెస్సీని స్టేజీ ఎక్కించారు. ముడుచుకున్న వేళ్ళలో దండ నిలవక జారి కింద పడింది. వాడు "పాపకు సిగ్గు" అని నవ్వి, దండ ఎత్తి తనే మెడలో వేసుకున్నాడు. జనం ఈలలు వేశారు. నాకు ఒంటిమీద జెర్రులు పాకినట్టయింది.

స్టేజీ ఎక్కి ఆ పిల్ల చేతికున్న ఎర్రగుడ్డ చించేశాను. చెమటా సెంటూ కలిసిన కంపు గుప్పున కొట్టింది. "ఒక్క చణం తల్లీ," అని ముంజేయి పట్టుకుని, పాత చోటే విరిచాను. పిల్ల కేక పెట్టింది.

భానుచందర్ నా మీదికి ఎగిరాడు. నేను చెయ్యి చాపాను.

"రారా భానూ. నడుమిరిగినాక ఎట్టా ఎగురుతావో సూస్తా."

వాడు గాల్లోనే ఆగి, ఫోన్ల వైపు తిరిగి, పోలీసుల్ని పిలవమన్నాడు.

తాయమ్మ ఏడుస్తూ పిల్లను ఆటోలో వేసుకుంది. మా వైపు ఎముక విరిగితే ఎవరైనా పరిగెత్తేది పుత్తూరికే. ఈసారి అడ్డం పడటానికి దేవుడి కట్టు లేదు. నాయన ఆకుపసరు, గుడ్డుసొన పట్టించి, వెదురుబద్దలు పెట్టి తిన్నగా కట్టాడు. నా మీద కేసు రాశారు. ఆ రోజు నుంచి మా ఇంటికి వచ్చేవాళ్ళు నా నీడ కూడా పడనివ్వడం లేదు. నాయన నాతో మాట్లాడటం మానేశాడు.

కట్టు విప్పే రోజు నన్ను లోపలే ఉండమని సైగ చేశాడు. తలుపు సందులోంచి చూశాను. జెస్సీ వేళ్ళు మెల్లగా తెరుచుకున్నాయి. ముడిచింది, మళ్ళీ తెరిచింది. అంతలో నన్ను చూసింది. చెయ్యెత్తి నా వైపు వేలు చూపించింది.

"అమ్మా, నా చెయ్యి ఇరిసింది ఆ యక్కే."

తాయమ్మ నా వైపు తిరిగి థూ అని ఉమ్మింది. నేను ఆ పిల్ల వేలినే చూస్తున్నాను. ఏమాత్రం వంకర లేదు.