నాడె ఆట

కోరుట్ల నుంచి సిరిసిల్లకు వచ్చి నాలుగు నెలలైంది. ఇంట్లో గలగలా మాట్లాడే నీల గడప దాటితే నోరు విప్పదు. బడిలో పక్కన కూర్చునే పిల్లను కూడా పలకరించదని టీచర్ చెప్పిన రోజు నుంచి తల్లి స్వర్ణలతకు ముద్ద దిగడం లేదు. తన చదువు తొమ్మిదో తరగతిలో ఆగింది. తొమ్మిదేళ్ల బిడ్డకు మాటే ఆగిపోతే?

వాడలో పిల్లలందరిదీ ఇప్పుడు కార్డుల ఆటే. దుకాణంలో ప్యాకెట్ కొంటే అయిదు కార్డులు, ఒక్కోదాని మీద ఒక జంతువు, దాని బలం ఎంతో అంకె. పెద్ద అంకె వేసినవాళ్లది గెలుపు. ఎదురింటి శ్రావణ్ దగ్గర వందకు పైనే ఉన్నాయి. నీల దగ్గర పదకొండు, అన్నీ కప్పలూ నత్తలూ.

"నత్తలు పట్టుకొని అచ్చినవా? నీతోని గెలిస్తే మజానే రాదు, పో!" అన్నాడు శ్రావణ్ ఒకనాడు. నీల కార్డులు గౌనులో దాచుకుని వెనక్కి వచ్చేసింది.

రెండు రోజులు రాట్నం మీద నూలు కండెలు చుడుతూ స్వర్ణలత అదే ఆలోచించింది. కొన్న కార్డులతో కాకుండా, అక్కడికక్కడ ఏరుకున్న కార్డులతో ఆడితే? అప్పుడు ఎవరింట్లో ఎన్ని ఉంటే ఏం? ఏరుకోవడానికి వంతులెలా అంటే, ఆమె కళ్ల ముందు బట్ట నేసే సాంచ మీద దారంతో ఈ కొస నుంచి ఆ కొసకు ఉరికి మళ్లీ వెనక్కి వచ్చే నాడె మెదిలింది.

ఆదివారం పొద్దున మక్క పేలాలు వేయించి పిల్లలను పిలిచింది. శ్రావణ్, నరేశ్, స్వప్న అరుగు మీద వరసగా కూర్చున్నారు. ఎవరూ తోసెయ్యకుండా నీలను చివరన, గోడ పక్కన కూర్చోబెట్టింది.

"తలా ఆరు కార్డులు ఇయ్యిండ్రి. అన్నీ కలిపి ఒక్కటే కట్ట. కట్ట మీ చేతికచ్చినప్పుడు ఒక్కటి ఏరుకొని పక్కోళ్లకు ఇయ్యాలె. కొసకు పోయినంక నాడె తీరు మర్లి రావాలె. ఆట అయినంక ఎవ్వలియి వాళ్లకే."

"నా పులి గూడనా చిన్నమ్మా?" శ్రావణ్ గునిశాడు.

"నీ పులిని నువ్వే మొదలు ఏరుకో, నాయినా."

కట్ట కదిలింది. శ్రావణ్, నరేశ్, స్వప్న, నీల. అక్కడి నుంచి మర్లి స్వప్న, నరేశ్, శ్రావణ్. మళ్లీ నరేశ్. నీల ఏనుగును ఏరుకోవడం చూసి స్వర్ణలత గుండె కుదుటపడింది.

కట్ట అయిపోయింది. శ్రావణ్ తన చేతిలోవి లెక్కపెట్టి ఒక్క అరుపు అరిచాడు.

"నాకు నాలుగే! నరేశ్ గానికి ఎనిమిది!"

"నీ మొఖానికి నాలుగే చాలు తియ్‌రా," అన్నాడు నరేశ్.

"ఆరు ఇచ్చిన నేను! చిన్నమ్మా, గిది మోసం. మా కార్డులు గుంజుకునేతందుకే పిలిచినవ్!"

స్వర్ణలత వేళ్ల మీద లెక్కపెట్టింది, తప్పింది, మళ్లీ పెట్టింది. ఎక్కడ పోయిందో తెలియలేదు. శ్రావణ్ లేచి చెప్పులు వేసుకుంటున్నాడు. వాడు పోతే మిగతావాళ్లూ పోతారు. ఇక తన బిడ్డను ఈ వాడలో ఎవరు పిలుస్తారు?

"నాకు గూడ నాలుగే."

గోడ పక్క నుంచి వచ్చింది ఆ మాట. అందరూ అటు తిరిగారు. నీల చెవులు ఎర్రబడ్డాయి.

"నడుమ ఉన్నోళ్లకు పోంగ ఒకటి, రాంగ ఒకటి. కొసకున్నోళ్లకు ఒక్కటే. మా అమ్మ తొమ్మిది దాకనే సదివింది. లెక్క తప్పింది, గంతే. మోసం గాదు."

నీల గోడ వదిలి, కార్డులన్నీ తీసుకుని కింద బండల మీద కూర్చుంది.

"గుండ్రంగ కూసోవాలె. నా పక్కకు నువ్వు రా, శ్రావణ్. అప్పుడు కొసలే ఉండయి."

శ్రావణ్ ఒక చెప్పు విడిచాడు.

స్వర్ణలత లోపలికి వచ్చి రాట్నం ముందు కూర్చుంది. తొమ్మిది దాకనే. ఆ సంగతి ఈ వాడలో ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు. రేపు వీళ్ల తల్లులకు తెలుస్తుంది. రేపు మళ్లీ బిడ్డను పిలుస్తారో లేదో, అదీ తెలియదు. తెగిన దారం అతికించి రాట్నం తిప్పింది.

"ఏయ్, ఆగు! రెండు తీసినవ్. ఒకటి పెట్టు," బయట నీల గొంతు.

"తియ్యలే!"

"తీసినవ్, నేను సూసిన!"

రాట్నం చప్పుడులో బిడ్డ మాట వినబడకుండా పోతుందేమోనని స్వర్ణలత దాన్ని తిప్పడం ఆపేసింది.