నున్నటి ముక్కు

ఆ రైల్వే స్టేషన్‌లో ఆమె గొంతు తెలియని వాళ్ళు లేరు, ఆమె ముఖం తెలిసిన వాళ్ళూ లేరు. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని ఆమె మొదలుపెట్టిందంటే చాలు, మూటల మీద జోగుతున్న వాళ్ళు కూడా చెవులు రిక్కించేవాళ్ళు. టికెట్ కౌంటర్ల వెనకున్న ఇరుకు గదిలో కూర్చుని ఏ బండి ఎంత ఆలస్యమో, ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పడం ఆమె ఉద్యోగం. దారిలో ఆగే ఊళ్ళన్నీ గుక్క తిప్పుకోకుండా చదివేసేది.

ఆమె ముక్కు దూలం మీద ఒక బొడిపె ఉండేది. పుట్టుకతో వచ్చిందే. తండ్రిదీ అచ్చు అదే ముక్కు. బళ్ళో పిల్లలు 'స్పీడ్ బ్రేకర్' అని పేరు పెట్టారు. ఇంటికొచ్చి ఏడిస్తే తండ్రి, "ఇది కోటేరు ముక్కే తల్లీ. కాకపోతే మధ్యలో అలసిపోయి కాసేపు కూర్చుంది" అని నవ్వించేవాడు. పెళ్ళయ్యాక భర్త ఒక్కనాడూ దాని ఊసెత్తలేదు. ఆమే దాదాపు మర్చిపోయింది.

ఇంతలో స్టేషన్‌కి కొత్త హంగులు వచ్చాయి. అనౌన్స్‌మెంట్ గదిని తెచ్చి హాలు నడిమధ్యలో పెట్టారు. నాలుగువైపులా అద్దాలు. ఆమె కంప్యూటర్ తెర వైపు తిరిగి కూర్చుంటే, వచ్చేపోయే జనానికి ముఖం పక్కవాటుగా కనబడుతుంది. అంటే ముందుగా కనబడేది ముక్కే. ఎవడో ఆకతాయి ఫోన్‌లో వీడియో తీసి, ఆమె గొంతునే అనుకరిస్తూ, "ప్రయాణికులకు విజ్ఞప్తి, ముందు స్పీడ్ బ్రేకర్ కలదు" అని వదిలాడు. ఊరంతా చూసింది. "మేడమ్, మీరు ఫేమస్ అయిపోయారు!" అంటూ పక్క కౌంటర్ అతనే ఫోన్ తెచ్చి చూపించాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది? ఆ రోజు నుంచి మాత్రం మైకు ముందు కూర్చున్నంతసేపూ ఎడమ చెయ్యి చెంపకి ఆనించి, ముక్కుకి గోడ కట్టుకునేది.

ముక్కు సరిచేయించుకోవడానికి సర్జన్ దగ్గరికి వెళ్తానంటే భర్త, "ముక్కు మీద కోపం అంటే విన్నాను గానీ, ముక్కు మీదే కోపం అంటే ఇప్పుడే చూస్తున్నా" అని తేలిగ్గా తీసుకున్నాడు. ఆమె నవ్వలేదు.

సర్జన్ మర్యాదస్తుడు. కంప్యూటర్‌లో ఆమె ఫోటో పెట్టి, బొడిపె చెరిపేసి, "చూశారా, చిన్న పని. కొంచెం అరగదీస్తాం, అంతే" అన్నాడు. తెరమీది ఆ ముఖాన్ని చూసి ఆమె మనసు పారేసుకుంది.

ఆపరేషన్ అయి కట్టు విప్పాక ముక్కు నిజంగానే నున్నగా వచ్చింది. అద్దాల గదిలో చెయ్యి అడ్డం లేకుండా కూర్చుంది. తండ్రి చూసి, "బాగుందమ్మా" అన్నాడు. తర్వాత కాసేపు ఎందుకో తన ముక్కు తడుముకున్నాడు.

ముక్కు బిగదీసినట్టు ఉందంటే, వాపు తగ్గితే గాలి ఆడుతుందన్నారు. వాపు తగ్గింది. గాలి ఆడలేదు.

పీల్చిన కొద్దీ ముక్కు లోపల ఏదో తలుపు మూసుకున్నట్టు అయ్యేది. నోటితో పీలిస్తే నాలుక పిడచకట్టుకుపోయేది. అన్నం నములుతూ ఊపిరి తీసుకోలేక ముద్ద మింగీ మింగకుండానే నోరు తెరిచేది. నలుగురిలో తినడం మానేసింది. పడుకుంటే ఎవరో దిండు అదిమి పట్టినట్టు ఉలిక్కిపడి లేచేది. దాంతో మంచం వదిలేసి కుర్చీలోనే కళ్ళు మూసుకోవడం అలవాటు చేసుకుంది. ఒకరోజు మైకులో బండి పేరు చెప్పి, ప్లాట్‌ఫారం నంబరు దగ్గరికి వచ్చేసరికి ఊపిరి చాలక ఆగిపోయింది. హాలంతా ఆమె ఎగశ్వాస విన్నది. మర్నాడు ఆమెని విచారణ కౌంటర్‌కి మార్చి, ఆ అద్దాల గదిలో ఇంకెవరినో కూర్చోబెట్టారు.

సర్జన్ దగ్గరికి తిరిగీ తిరిగీ చెప్పులరిగాయి. ఆయన లైటు వేసి చూసి, "దారి శుభ్రంగా ఉందమ్మా" అనేవాడు. చివరికి ఒకసారి విసుగ్గా, "ఇది ముక్కులో లేదు, మీ మనసులో ఉంది" అని నిద్రమాత్రలు రాసిచ్చాడు.

ఆ మాట భర్త చెవిన కూడా పడింది. అప్పటిదాకా వీపు రాసి, మంచినీళ్ళు అందించిన మనిషి, ఆ తర్వాత ఆమె రొప్పడం మొదలుపెడితే అవతలి గదిలోకి వెళ్ళేవాడు. ఒకసారి అనేశాడు కూడా: "వద్దంటే విన్నావా? కోరి చేయించుకున్నావు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని, ఇప్పుడు ఏడిస్తే ఏం లాభం?"

"నువ్వు వద్దని అన్లేదు" అందామె. అంతకంటే పెద్ద వాక్యానికి ఊపిరి లేదు.

ఒకనాడు ముఖం తుడుచుకుంటుంటే, చెంపని పక్కకి లాగినప్పుడు సర్రున గాలి లోపలికి వెళ్ళింది. వదిలితే మూసుకుంది. లాగితే తెరుచుకుంది. పిచ్చిదానిలా పదే పదే లాగి చూసుకుంది. చెంపకి ప్లాస్టర్ అంటించి చెవి దాకా లాగి కట్టింది. చెమటకి ఊడిపోయింది. ఇంకోటి వేసింది. చర్మం లేచిపోయింది. చివరికి ఒక ఆదివారం, భర్త ఇంట్లో ఉండగానే, బాత్రూమ్ తలుపేసుకుని, ప్లాస్టిక్ స్ట్రా ముక్క కత్తిరించి ముక్కులోకి దూర్చుకుంది. గాలి వచ్చింది. నిండుగా, చల్లగా, రొమ్ము అడుగుదాకా వచ్చింది. సంతోషం పట్టలేక ఇంకాస్త లోపలికి నెట్టింది.

ఆమె కిందపడ్డ చప్పుడుకి భర్త తలుపు తోశాడు. ఆమె నేల మీద కూర్చుని ఉంది. మూతి మీదినుంచి మెడ దాకా రక్తం. అంత రక్తంలోనూ స్ట్రాని వేళ్ళతో పట్టుకునే ఉంది.

"తియ్యి! ముందు అది తియ్యి!"

"వద్దు," అందామె. "గాలి వస్తోంది. ఇంకొక్కసారి పీల్చుకోనీ."

అతను ఆమె పక్కనే తడి నేల మీద కూలబడ్డాడు. ఇది మనసులో పుట్టిన జబ్బు కాదని అప్పుడు అతనికి ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

ముక్కు, చెవి, గొంతు చూసే మరో డాక్టరమ్మని వెతికి పట్టుకున్నాడు. మొదటి సర్జన్ తీసిన ఫోటోలు కావాలని ఆవిడ అడిగితే, ఆమె ఆయన క్లినిక్‌కి వెళ్ళింది. వెయిటింగ్ హాల్లో పక్క కుర్చీలో ఒక అమ్మాయి, దుపట్టా ముక్కుదాకా కప్పుకుని కూర్చుంది.

"అక్కా, మీరు ఇక్కడే చేయించుకున్నారా? ఎంత బాగుందో! నాక్కూడా ఇలాగే రావాలి."

"ఊపిరి ఆడదమ్మా" అందామె.

"మీరు భలే చెప్తారక్కా!" అని ఆ అమ్మాయి పకపకా నవ్వింది. ఆమె నోరు తెరిచి ఊపిరి తీసుకుంటూ, మళ్ళీ మొదటినుంచి చెప్పబోయింది. ఈసారి ఆ అమ్మాయి నవ్వలేదు. మెల్లగా లేచి, బ్యాగు తీసుకుని, ఎదుటి వరసలోకి మారి కూర్చుంది.

ఫోటోలు చూశాక డాక్టరమ్మ పెద్దగా ప్రశ్నలేం వెయ్యలేదు. బొటనవేలితో చెంపని పక్కకి లాగి, "ఇప్పుడు పీల్చండి" అంది. ఆమె పీల్చి, ఆవిడ ముఖంలోకి చూసి భోరుమంది.

"మీకు పిచ్చీ లేదు, భ్రమా లేదు. అరగదీసినప్పుడు లోపలి గోడలకి ఆసరా పోయింది. మీరు గట్టిగా పీల్చినప్పుడల్లా అవి దగ్గరికి వచ్చి అతుక్కుంటున్నాయి. మళ్ళీ ఆసరా పెట్టాలి. అందంగా వస్తుందని మాత్రం నేను చెప్పను."

"బండలా వచ్చినా సరే" అందామె.

కూడా వచ్చిన తండ్రి అప్పటిదాకా గోడవార నిలబడి ఉన్నాడు. ముందుకొచ్చి, తన ముక్కు చూపించాడు. "డాక్టరమ్మా, మా అమ్మాయి ముక్కు ఇదే. ఇదే అచ్చు. ఇందులోంచి ఎంత కావాలంటే అంత తీసి దానికి పెట్టండి. ఈ వయసులో నాకెందుకు?"

"అలా కుదరదు పెద్దాయనా. ఆమె పక్కటెముక దగ్గరి మెత్తటి ఎముకే తీసుకుంటాం."

"అయితే నేనేం చెయ్యను?" అన్నాడాయన. కూతురు ఆయన చెయ్యి పట్టుకుంది.

రెండో ఆపరేషన్ తర్వాత కుడివైపు తెరుచుకుంది. ఎడమవైపు సన్నటి సందే మిగిలింది. "ఇంకోసారి ముట్టుకుంటే ఉన్నదీ పోవచ్చు. నా మాట విని ఇక్కడితో ఆపేయండి" అంది డాక్టరమ్మ. ముక్కు వెడల్పయింది. తండ్రి ముక్కూ కాదు, కంప్యూటర్‌లో చూసిన ముక్కూ కాదు. దాన్ని ఆమె అద్దంలో ఒకసారి చూసుకుని, చాలనుకుంది.

ఇప్పుడు విచారణ కౌంటర్‌లోనే ఉంది. చాలా రోజులు బాగానే గడుస్తాయి. గాలిలో దుమ్ము లేచిన రోజున మాత్రం కుడివైపూ మూసుకుపోతుంది. గుండెలో పాత భయం ఒక్కసారిగా లేస్తుంది. కౌంటర్ అంచు రెండు చేతులా పట్టుకుని, నోరు తెరిచి, అది తగ్గేదాకా ఆగుతుంది. వరసలో వాళ్ళు గొణుక్కుంటారు. గొణుక్కోనిస్తుంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, కిటికీ దగ్గరికి వంగి, "చెప్పండి, ఎక్కడికి వెళ్ళాలి?" అంటుంది.