సంజీవరావుకు సముద్రపు ఇసుక

సంజీవరావుకు సముద్రమంటే పిచ్చి. చూసి పట్టిన పిచ్చి కాదు, చూడక పట్టిన పిచ్చి. నాచారం ఫ్యాక్టరీలో మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పాడంటే చాలు, భీమిలి నుంచి విశాఖపట్నం దాకా ఒడ్డు వెంబడి ఎట్లా నడవాలో చెప్పి దోస్తులు దేవసహాయం, బసవరాజుల బుర్ర తినేవాడు.

"సీజన్ల మస్తు జనముంటరు. వానాకాలం శని, ఐతారం పోదాం. సముద్రం మొత్తం మనదే," అనేవాడు.

ప్రతి వానాకాలం ఏదో ఒకటి అడ్డం పడేది. ఓవర్‌టైమో, పిల్లల జ్వరమో. చివరికి ఒక ఎండాకాలం కామెర్లు వచ్చి మనిషే పోయాడు. పాడు జబ్బు, నాలుగు వానలు పడేదాకా ఆగితే దాని సొమ్మేం పోయేది!

వానలు పడగానే మిగిలిన ఇద్దరూ బయల్దేరారు. సంజీవరావు భార్య లూర్దమ్మ ఉప్పల్ బస్టాపు దాకా వచ్చి, ఆయన డ్యూటీకి పట్టుకెళ్లే సంచిని దేవసహాయం చేతిలో పెట్టింది.

"అన్నా, జర సముద్రం ఇసుక తెండ్రి. ఆయన సమాధి మీద పోస్త."

ఇసుక చివర్లో విశాఖలో నింపుకున్నా సరిపోయేది. దేవసహాయం మాత్రం భీమిలిలో దిగగానే నింపాడు. "సంజీవ గుడ మనతోని నడవాలె గదరా," అన్నాడు.

ఒడ్డున నరపురుగు లేదు. పల్లీల బండ్లు పట్టాలు కప్పుకుని ఉన్నాయి. వాన ముఖాన కొడుతుంటే, తడి ఇసుక సంచిని భుజాలు మార్చుకుంటూ రెండు రోజులూ మోశారు. "బతికున్నప్పుడు గుడ గింత బరువు లేకుండె," అని బసవరాజు నవ్వబోయి ఏడ్చేశాడు.

నాచారంలో సంజీవరావు సమాధి ఇంకా వట్టి మట్టి దిబ్బే. తలాపున కూతురు హన్నా గులాబీ నాటింది. ఆదివారం ప్రార్థన కాగానే చెంబుతో నీళ్లు పోసి, బళ్లో జరిగిన సంగతులన్నీ అక్కడ కూర్చుని తండ్రికి చెప్పేది. దేవసహాయం తెచ్చిన ఇసుకలో సగానికి సగం ఆ గులాబీ మొదట్లోనే పోశాడు, ముఖం ఉండేది అక్కడే కదా అని.

ఆ తర్వాత వానలు ముఖం చాటేశాయి. గులాబీ ఆకులు అంచుల్లో మాడాయి. తొలి మొగ్గ విచ్చకుండానే వాలిపోయింది.

"మామా, నేను నీళ్లు తక్కువ పోసిన్నా?" అని అడిగింది హన్నా. "డాడీకి కోపమొచ్చిందా?"

దేవసహాయం చిటికెడు ఇసుక నాలుక మీద వేసుకున్నాడు. ఉప్పు! సముద్రం ఉప్పని పసిపిల్లలకూ తెలుసు. దాని ఇసుకా ఉప్పేనని ఇంత మోసిన ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు.

"నీ తప్పేం లేదు బిడ్డా. నేనే ఉప్పు తెచ్చి పోసిన," అంటూ కూలబడి, రెండు చేతులా ఇసుక ఎత్తిపోయసాగాడు.

లూర్దమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "ఉండనియ్ అన్నా. చెట్టు మళ్ల పెట్టుకుంటం. ఆయన కాడికి సముద్రం మళ్ల వస్తదా?"

దేవసహాయం చేతులు ఆగిపోయాయి. తల్లి మాట వినాలో, పిల్ల ముఖం చూడాలో అతనికి తెలియలేదు. హన్నా బోరింగు దగ్గర చెంబు నింపుకొచ్చి, ఎప్పట్లాగే ఆ మొదట్లో నీళ్లు పోసింది. బడి సంగతులు మాత్రం చెప్పలేదు.