ఆకుపచ్చ పీలికలు

టైలరక్క విమానం దిగేసరికి అక్కడి గడియారంలో ఉదయం ఎనిమిది. కడుపేమో భోజనం వేళ దాటిపోతోందని గోల పెడుతోంది. విమానంలో పెట్టింది రాత్రి భోజనమో పొద్దుటి టిఫినో తేలక, ఎందుకైనా మంచిదని మొత్తం తినేసింది. ఇప్పుడు పడుకోవాలో లేవాలో తెలియడం లేదు.

ఆమెతో కలిసి యూరప్ చూద్దామని బయలుదేరిన ఎనిమిది మందీ ఒకే వీధివాళ్ళు, ఆమె దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ళు. వాళ్ళు వచ్చింది ఊళ్ళు చూడ్డానికి. ఆమె వచ్చింది చెల్లెలి కోసం. తొమ్మిదేళ్ళ కిందట చెల్లెలు నచ్చినవాణ్ణి చేసుకుంటానంటే, "నీ పెళ్ళిబట్టలు నేను కుట్టను ఫో" అని మొహం మీదే అనేసింది. చెల్లెలు బట్టలు కొనుక్కుని, పెళ్ళి చేసుకుని ఈ ఊరొచ్చేసింది. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ఇన్నాళ్ళకి పాత కొలతల పుస్తకం తీసి, రెండు నెలలు కూర్చుని ఉన్నికోటు కుట్టింది. నోటితో చెప్పలేనిది కోటు చెబుతుందని ఆశ. వస్తున్నట్టు బంధువులతో చెప్పిస్తే, నాలుగింటికి హోటలుకి వస్తానని చెల్లెలు కబురు పెట్టింది.

గదిలో కునుకు తీసి, మూడింటికి పెట్టె తెరిస్తే కోటు లేదు. మగవాళ్ళ బనియన్లు, మోకాళ్ళ నొప్పుల నూనె ఉన్నాయి. ఒక్క క్షణం తను వేరేవాళ్ళ గదిలో నిద్రపోయిందేమో అనుకుంది.

తప్పు ఎవరిదంటే టైలరక్కదే. ప్రయాణానికి ముందు ఒక్కొక్కరే వచ్చి, "పెట్టెకి గుర్తుగా కట్టుకోవడానికి గుడ్డముక్కేదైనా ఇవ్వక్కా" అనడిగారు. చేతికందిన బట్ట తానులోంచి అందరికీ అదే ఆకుపచ్చ పీలిక చింపి ఇచ్చింది. తనూ అదే కట్టుకుంది. పెట్టెలేమో అందరూ కలిసి బేరమాడి ఒకే కొట్లో కొన్న నల్లవి. ఇంక వాటిని వేరు చేసేది ఎవరు?

హోటలు వరండాలో తలుపు తలుపూ కొట్టింది.

"బనియన్లు నావే. మా ఆవిడ బట్టలెక్కడమ్మా?" అన్నాడు లెక్కల మాస్టారు.

"ఆవిడవి నా దగ్గరున్నాయి. మరి నావి?" అన్నాడు పళ్ళడాక్టరు.

ఎవరి పెట్టె వాళ్ళకి దక్కలేదు. బేకరీ ఆవిడైతే పెట్టె తెరవకుండానే గదికి తాళం వేసుకుని ఊరు మీద పడింది. మిగతా ఏ పెట్టెలోనూ లేని కోటు కచ్చితంగా అందులోనే ఉంటుంది! టైలరక్కకి ఏడుపు ముంచుకొచ్చింది. మాస్టారి బనియన్లు చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగితే, లిఫ్టు దగ్గర ఎవరో ఒళ్ళు చేసినావిడ తననే చూస్తోంది.

"ఏంటక్కా, పోల్చుకోలేదా? లావయ్యాను కదూ?"

"నీకు కోటు కుట్టానే. పెట్టె మారిపోయింది. దొరికినా నీకు పట్టదు, పాత కొలతలతో కుట్టాను. నీ పెళ్ళికి కుట్టనన్నాను చూడు, తప్పు నాదే. ఎవరి పెళ్ళిబట్టలు కుట్టినా నువ్వే గుర్తొస్తున్నావే."

చెల్లెలు చేతిసంచి కింద పెట్టి, రెండు చేతులూ చాపి ఎదురుగా నిలబడింది.

"అయితే కొత్త కొలతలు తీసుకో."

"టేపు కూడా ఆ పెట్టెలోనే ఉందే."

"చేతుల్లేవా?"

బనియన్లు జారిపోయాయి. అక్క చేతులు చెల్లెలి చుట్టూ పడ్డాయి. వెనకాల వేళ్ళు కలవలేదు, అయినా వదల్లేదు.