అమల్దారు మిద్దెకు దళారి

ఎప్పుడో ఒక అమల్దారు కట్టించిన మిద్దె పడసాల మధ్యలో నిలబడి శ్రీరంగప్ప చెంబెడు నీళ్ళు బండల మీద పోశాడు. నీళ్ళు ఎటు పోవాలో తేల్చుకోనట్టు కాసేపు అక్కడే నిలిచి, నెమ్మదిగా పడమటి గోడ వైపు పాకాయి.

"చూస్తివా? నేల పడమటికి కుంగింది. వాన పడితే నీళ్ళు వాకిట్లోకి రావు, గోడ కిందికి పోతాయి. మూడో అంకణంలో దూలానికి చెదలు పట్టింది. లోపాలు నేను చెప్పినా. మంచి నువ్వే చూసుకో."

ముప్పయ్యేళ్ళ దళారీ పనిలో అతని పద్ధతి ఇదే. సన్నటి మనిషి, మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన పంచె, ఒక గుండీ లేని చొక్కా, చేతిలో సొట్టలు పడిన ఇత్తడి చెంబు. గుమ్మఘట్ట చుట్టుపక్కల ఎవరు ఇల్లు కొన్నా అమ్మినా అతన్ని పిలిచేది ఆ చెంబు కోసమే. అతను లోపం లేదన్న ఇంటికి రెండోసారి చూపు అక్కర్లేదు.

మనుషులంటే మాత్రం అతనికి లెక్కలేదు. అమ్మేవాళ్ళు ముత్తాతల పేరు చెప్పి కళ్ళు తుడుచుకుని, ఆ తడి చేత్తోనే ధర పెంచుతారు. కొనేవాళ్ళు పిడికిలితో గోడ కొట్టి, గోడ ఏదో జవాబు చెప్పినట్టు తలాడిస్తారు.

బెంగళూరు నుంచి కొనడానికి వచ్చిన ఈ కేశవ అయితే గోడల్ని కొట్టనే లేదు. స్తంభాలను కొడుతున్నాడు. నల్లద్దాలు నెత్తి మీదికి తోసుకుని, సెల్లుఫోను పైకెత్తి సిగ్నలు కోసం గది గదీ తిరుగుతున్నాడు.

"లోపాలుంటే ఉండనీ అన్నా! నూటనలభై ఏళ్ళ ఇల్లు. ఇట్లాంటి ఇంట్లో కాపురముండాలని నా ఆశ."

'నీ బూట్ల ఖరీదు చేయదు నీ ఆశ' అనుకున్నాడు శ్రీరంగప్ప. అయినా ఇంటి యజమాని ఉమాదేవి పెట్టిన షరతులకు ఈ మనిషి ఒప్పుకున్నాడు. ఇల్లు పడగొట్టకూడదు. వెనకగదిలో ఉండే ఆంజినమ్మను ఖాళీ చేయించకూడదు. ఆంజినమ్మ ఆ ఇంట్లో పనికి చేరి ముప్పయ్యేళ్ళు దాటింది. ఉమాదేవి హెడ్మాస్టరుగా రిటైరై హిందూపురంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయాక, ఇంటికి ఆమే దిక్కు. ఏటా వానలకు ముందు మట్టి మిద్దె కారకుండా పైన చవుడుమన్ను పోసి తొక్కేది ఆమే. ఈ పూటా పైన ఆ పనిలోనే ఉంది. ఆమెతో "నీ గది యాడికీ పోదు" అని పోయిన నెల ఉమాదేవి చెప్పమంటే శ్రీరంగప్ప తన నోటితో చెప్పాడు.

నీళ్ళ చెంబు తీసుకోవడానికి వంగినప్పుడు అతనికి స్తంభం మొదట్లో, వెలుతురు పడని వైపు, సుద్దముక్కతో రాసిన అంకె కనిపించింది. ఏడు. పక్క స్తంభానికి ఎనిమిది. వాకిలి ద్వారబంధానికి ఇరవై రెండు.

కళ్యాణదుర్గంలో ఒకసారి ఇలాంటి అంకెలే చూశాడు. వారం తిరగకముందే లారీలు వచ్చి టేకు స్తంభాలూ దూలాలూ తలుపులూ ఎక్కించుకుపోయాయి. మిగిలిన మట్టిని గాడిదలు కూడా మోయలేదు.

రిజిస్ట్రేషనుకని పొద్దున్నే హిందూపురం నుంచి వచ్చిన ఉమాదేవి వంటగదిలో నిలబడి పాత జాడీలను ఏరుతోంది.

"అమ్మా, ఈయప్ప కాపురానికి గాదు, కొయ్యకు వచ్చినాడు. స్తంభాలకు నంబర్లు ఏసినాడు. బేరం వద్దను."

ఉమాదేవి జాడీ లోపలికి ఊది దుమ్ము పోగొట్టింది. "నాకు తెలుసప్పా. కొయ్యకే గదా అంత ధర పెట్టింది. ఈ మట్టి ఎవరిక్కావాల?"

"మరి ఆంజినమ్మకు నాతో యాల చెప్పిస్తివి?"

"నువ్వు చెబితే నమ్ముతాది. ముందే తెలిస్తే ఈ ఏడు మిద్దె మీద చవుడు ఎవరు పోస్తారు? బేరం అయ్యేలోపల కారితే?"

ఆ మాట ఆమె సిగ్గుపడకుండా, పిల్లలకు లెక్క విడమరిచినట్టు చెప్పింది. శ్రీరంగప్ప తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"సాక్షి సంతకం నేను పెట్టను."

గుమ్మం దగ్గర కేశవ నవ్వాడు. "పర్వాలేదన్నా, రాయదుర్గం ఆఫీసు ముందర టీ తాపిస్తే ఇద్దరు సాక్షులొస్తారు."

నిజమే. పది నిమిషాల్లో కేశవా ఉమాదేవీ కారెక్కి వెళ్ళిపోయారు. తను లేకుంటే ఈ తాలూకాలో బేరమే తెగదనుకుని ఇంతకాలం గీర పోయినందుకు శ్రీరంగప్పకు అందరికంటే తన మీదే ఎక్కువ ఏహ్యం కలిగింది.

రాతిమెట్లెక్కేసరికి ఊపిరి అందలేదు. ఎడమ భుజం రాయిలా బరువెక్కింది. పైన ఆంజినమ్మ చీర చెంగు దోపుకుని, తెల్లటి చవుడును ఒట్టికాళ్ళతో తొక్కుతోంది.

"ఇంక తొక్కొద్దు, దిగు."

"యాలన్నా? మోడం పట్టుండాది, వానొస్తాది."

"పట్టనీ. ఇల్లు పీకుతారంట. నేను నీకు చెప్పింది అబద్ధం."

ఆమె కాళ్ళు ఆగాయి. గంపలో మిగిలిన చవుడు వైపు చూసింది. "తెలిసే చెప్పినావా?"

"లేదు."

"మరింక అబద్ధమెట్లయితాది? వాళ్ళది నీ నోట్లో నుంచి వచ్చింది, అంతే."

అతను మొలతాడు నుంచి తాళంచెవి విప్పాడు.

"మా ఇంట్లో వీధి పక్క గది ఉండాది. లోపాలు చెప్తా, విను. కిటికీ రెక్క మూసుకోదు. పక్కింటి తిప్పేష్ పొద్దస్తమానం పాటలు పెడతాడు. మా ఆడమనిషి పోయినాక మిద్దె మీద చవుడు పడలేదు. నాలుగుచోట్ల కారుతాది."

"ఒంటి మగోనింట్లో ఉంటే ఊరేమంటాది?"

"ఊరా? గోడను గుద్ది ఇల్లు కొనే జాతి. ఏమన్నా అననీ."

"బాడుగ?"

"ఏడాదికోసారి చవుడు పొయ్యి."

ఆంజినమ్మ నవ్వింది. "నీళ్ళు పోసి చూపిస్తావా, నేల యాడికి వాలిందో?"

"చూపిస్తా. చెంబు నింపుకోని రా."

ఆమె తాళంచెవి చెంగున ముడేసుకుంది. ఇద్దరూ కిందికి దిగాక అతను అరుగు మీద కూర్చున్నాడు; ఆమె చెంబును కుండలో ముంచి అతని పక్కన పెట్టి, సామాను సర్దుకోవడానికి లోపలికి వెళ్ళింది. శ్రీరంగప్ప గోడకు ఆనుకున్నాడు. కొట్టి చూడకుండానే ఈ గోడ గట్టిదని అతనికి తెలుసు.

రెండు చీరలూ ఒక దుప్పటీ సత్తుగిన్నే మూటగట్టడానికి ఎంతో సేపు పట్టలేదు.

"అన్నా, పోదాం పా."

అతని తల కొంచెం పక్కకు ఒరిగి ఉంది. చేతులు ఒళ్ళో వదులుగా ఉన్నాయి.

"శ్రీరంగన్నా."

ఆమె మూట దించి భుజం తట్టింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. తర్వాత అతని భుజం మీది తువ్వాలు తీసి, ముఖం మీద కప్పి, పక్కనే కూర్చుంది.

అరుగు కూడా పడమటికే వాలింది. చెంబులో నీళ్ళు ఆ వైపు అంచుదాకా వచ్చి, ఒలకకుండా నిలిచి ఉన్నాయి.