కడిగేసిన గది

తాతయ్య కనిపించకుండా పోయిన మర్నాడు పొద్దున్నే మా పెద్దమ్మ చేసిన మొదటి పని ఆయన గది కడగడం.

"వెతకడానికి పదిమంది వస్తారు. ఈ కంపులోకి ఎవర్ని రానిస్తాం? మన పరువేం కాను?" అంది. దుప్పట్లు, దిండు గలీబులు, చొక్కాలు, తువ్వాళ్లు అన్నీ మెషీన్లో వేసింది. పరుపును సబ్బునీళ్లతో రుద్ది మేడ మీద పడేయించింది. నేల మీద ఫినాయిల్ గుమ్మరించింది. నేను చీపురుతో నీళ్లు తోశాను. మనిషి ఇంకా దొరకనే లేదు, ఆయన ఆనవాళ్లన్నీ తూములోకి పోతున్నాయి. 

మా ఊళ్లో పైచదువు లేదు కాబట్టి నేను పెదనాన్న ఇంట్లో ఉంటున్నాను. తాతయ్యకు మతిమరుపు. నిద్రలో పక్క తడుపుతాడు. ఆ ఇంట్లో ఆయన గురించి ఎవరు మాట్లాడినా ఆ ఒక్క సంగతే మాట్లాడతారు.

మధ్యాహ్నం ఒకాయన కుక్కను తీసుకొచ్చాడు. తప్పిపోయిన మనుషుల్ని వాసన పట్టి వెతకడం దానికి నేర్పారట. పేరు చుక్క. గేటు దగ్గర అప్పటికే జనం మూగారు.

"పెద్దాయన ఒంటి వాసన ఉన్నది ఏదైనా ఇవ్వండమ్మా. ఉతకనిది" అన్నాడాయన.

పెద్దమ్మ ఇస్త్రీ చేసిన చొక్కా తెచ్చింది. చుక్క దాన్ని వాసన చూసి, గట్టిగా తుమ్మి, తిన్నగా వెళ్లి పెద్దమ్మ చేతులు మూచూసి అక్కడే కూర్చుంది.

"దొంగ దొరికిందిరోయ్!" అన్నారు గేటు దగ్గర ఎవరో. నవ్వులు.

"ఇది సబ్బమ్మా, మనిషి కాదు. పక్కబట్టలున్నాయా?"

"ఉతికేశాం."

"దిండు?"

"అదీ."

"దువ్వెన? చెప్పులు?"

"చెప్పులు వేసుకునే వెళ్లారు. దువ్వెన వేడినీళ్లలో వేశాను. మా ఇల్లు అద్దంలా ఉంటుంది బాబూ, కావాలంటే చూసుకోండి."

కుక్కను తెచ్చినాయన లోపలికెళ్లి గది చూసొచ్చాడు. "అద్దంలాగే ఉందమ్మా" అని ఆకాశం వైపు తలెత్తాడు. "పెద్ద వాన పడేట్టుంది. పడితే దారిలో మిగిలిన వాసన కూడా కొట్టుకుపోతుంది. ఆయన వయసుకి ఇంకో రాత్రి బయట తట్టుకోవడం కష్టం."

నాకు ఒకటి తెలుసు. తడిసిన పైజామా చూస్తే పెద్దమ్మ తిడుతుందని తాతయ్య దాన్ని పెరట్లో నీళ్ల ట్యాంకు వెనక, ఇటుకల సందులో కుక్కేవాడు. ఒకసారి నా కంటపడ్డాడు. "ఎవరికీ చెప్పకే తల్లీ" అని గడ్డం పట్టుకున్నాడు. అప్పట్నుంచి నేనే గుట్టుగా ఉతికి ఆయన మంచం కింద పెట్టేదాన్ని. మొన్నటిది ఇంకా ఉతకలేదు, ఇటుకల సందులోనే ఉండాలి.

నలుగురిలో నోరు విప్పాలంటే నాకు నాలుక అంగిటికి అతుక్కుపోతుంది. ఇప్పుడు నలుగురు కాదు, వీధి వీధంతా ఉంది. బయటపెట్టాల్సింది కూడా నాది కాదు, ఆయన సిగ్గు. పెట్టకపోతే ఆయనే ఉండడు.

ట్యాంకు వెనక్కి వెళ్లి తెచ్చాను. ముద్దకట్టి, పసుపు మరకలతో, ముక్కుపుటాలు మండే వాసనతో ఉంది. చేతులు చాచి పట్టుకుని నడుస్తుంటే జనం ముక్కులు మూసుకున్నారు. ఒకామె రెండో చేత్తో ఫోన్ పైకెత్తింది.

"ఛీ ఛీ! ఏమే మూగమొద్దూ, సిగ్గుందా నీకు? అందరి ముందూ ఏంటా దరిద్రం?" అని అరిచింది పెద్దమ్మ.

"ఇదేనమ్మా నాకు కావలసింది" అని ఆయన సంచి తెరిచి పట్టుకున్నాడు. నా చేతుల వైపు చూసి, "భయపడకు పాపా. నీ వాసన అంటినా నువ్వు ఎదురుగానే ఉన్నావుగా. దీనిలో ఎవరి వాసన ఉండి వాళ్లు ఇక్కడ లేరో, చుక్క వాళ్లనే వెతుకుతుంది" అన్నాడు.

చుక్క సంచిలో మూతి పెట్టి చాలాసేపు ఉంచింది. ఆ వీధి మొత్తంలో మూతి ముడవనిది అదొక్కటే. తర్వాత తాడు బిగుసుకుంది. జనాన్ని చీల్చుకుని, అంగళ్ల వెనక చెత్తకుప్పల పక్కనుంచి, ఎండిన కాలువ గట్టు మీదికి ఆయన్ని లాక్కుపోయింది. నేనూ వెనకే పరిగెత్తాను. అక్కడ పెద్ద సిమెంటు గొట్టాలు పడి ఉన్నాయి. ఒకదాని ముందు ఆగి మొరిగింది.

లోపల తాతయ్య మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. పెదాలు పగిలి, ఒళ్లంతా బురద. చెయ్యి చాపి చుక్క తల నిమిరాడు. "ఎవరి కుక్కే ఇది? అన్నం పెట్టారా దీనికి?" అని నన్ను అడిగాడు. నాకు ఏడుపొచ్చింది.

పెదనాన్న కారు తెచ్చాడు. "మామయ్యగారూ, మమ్మల్నొదిలి ఎక్కడికెళ్లిపోయారండీ!" అని పెద్దమ్మ ఫోన్లన్నిటికీ వినబడేలా ఏడ్చింది, ఆయనకు అంతదూరంలో నిలబడి. ఆలోపు పెదనాన్న వెనక సీటు మీద ప్లాస్టిక్ పట్టా పరిచాడు.

ఆసుపత్రి దారిలో పెద్దమ్మ ముందు సీట్లో ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. "అవును వదినా, దొరికారు. ఆయన బట్టలు మేం అంత జాగ్రత్తగా పెట్టబట్టే కుక్క పట్టుకోగలిగింది." ఫోన్ పెట్టేసి, సంచిలోంచి సెంటు సీసా తీసి వెనక్కి చూడకుండానే మా ఇద్దరి మీదా కొట్టింది.

ఇటుకల సందులో చెయ్యి పెట్టినప్పుడు రాని వాంతి అప్పుడు గొంతుదాకా వచ్చింది. గబుక్కున అద్దం దించాను.

"చలేస్తోందే తల్లీ" అన్నాడు తాతయ్య.

అద్దం ఎక్కించేశాను. ఆసుపత్రి వచ్చేదాకా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.