గేటు ఎవరి హద్దు?

పీరాంబీ ఊపిరి అందక ఎగబీలుస్తుంటే కొడుకు జాకీర్ ఆటో తీశాడు. పక్కింటి రజిత తన బ్యూటీ పార్లర్‌ను తెరిచింది తెరిచినట్టే వదిలేసి, వెనక సీట్లో ఆమెను ఒడిలో పడుకోబెట్టుకుంది. వాళ్ళ కాలనీ నుంచి మారేడ్‌పల్లి వైపు ఆస్పత్రికి మిలిటరీ స్థలం మీదుగానే దగ్గరి దారి. జాకీర్ తాత కాలం నుంచీ అందరూ నడిచిన దారే. ఆ ఉదయం దానికి అడ్డంగా ఇనుప గేటు వేసి ఉంది.

“ఆర్డర్ హై,” అన్నాడు కాపలా జవాను, గేటు తీయనని చెయ్యి అడ్డంగా ఊపుతూ.

జాకీర్ చేతులు జోడించాడు. రజిత ముసలామె ముఖం చూపించింది. జవాను చూసి, చూపు తిప్పుకున్నాడు. చుట్టు తిరిగి, ట్రాఫిక్‌లో ఈదుకుంటూ ఆస్పత్రి చేరేసరికి పీరాంబీ ఒళ్ళు చల్లబడిపోయింది.

మర్నాడు ఇద్దరూ పోలీస్ స్టేషన్‌కు వెళ్ళారు. ఎస్సై హరికిషన్ మర్యాదగానే కూర్చోబెట్టాడు.

“మీ తక్లీఫ్ నాకు సమజైందమ్మా. కానీ గేటు మిలిటరోళ్ళది. ఆళ్ళు ఢిల్లీకి జవాబు చెప్పుకుంటరు. మేం రాష్ట్ర పోలీసులం. ఆ జాగ మా హద్దులకు రాదు. కేసెట్ల రాస్త?”

మిలిటరీ ఆఫీసులో అడిగితే, ఫిర్యాదులు తీసుకునేది పోలీసులే, అక్కడికే పొమ్మన్నారు. రజితకు ఒళ్ళు మండిపోయింది. మనిషి చచ్చిపోతే, ఆ చావు మాది అని రాసుకునేవాడే లేడు.

సోమవారం కాలనీ ఆడవాళ్ళంతా గేటు ముందు బైఠాయించారు. కాసేపటికే రెండు పోలీసు బండ్లు వచ్చాయి. ముందు బండిలోంచి హరికిషన్ దిగాడు.

“ఢిల్లీ నుంచి మా పెద్దసార్లకు ఫోనొచ్చింది. లేవుండ్రి.”

లేవనందుకు రజితను జబ్బ పట్టుకుని ఈడ్చారు. జాకెట్టు చెయ్యి చిరిగింది. మిగతా ఆడవాళ్ళనూ బండ్లెక్కించారు. స్టేషన్‌లో ఆమె మీద రాసిన కేసు ఏమిటంటే, దారికి అడ్డం కూర్చోవడం.

“సార్, నన్నెక్కడ పట్టుకున్నరని రాసిన్రు?” అని అడిగింది రజిత.

“గేటు కాడ. మా స్టేషన్ పరిధిలనే.”

“మా పీరాంబీ అత్తను ఆపింది సుత ఆడనే కద. మొన్న లేని హద్దు ఇయ్యాల యాడికెల్లి వచ్చింది? ఢిల్లీకెల్లి ఫోనొస్తే మీదైతది, మా పానం పోతే కాదా?”

హరికిషన్ తల దించుకున్నాడు. “మా పరేషానీ నీకు తెల్వదమ్మా. ఆళ్ళ మీద కేసు రాస్తే నన్ను యాడికో ఎల్లగొడ్తరు.”

“ఎల్లగొట్టనియ్యిండ్రి. ఏడికి పోయినా మీ ఉద్యోగం మీకుంటది. జాకీర్‌కు అమ్మ రాదు.”

మిగతావాళ్ళు ఇంకోసారి రామని రాసిచ్చి ఇళ్ళకు పోయారు. రజిత పోలేదు. జాకీర్ ఫిర్యాదు తీసుకుంటే తప్ప బెంచీ మీంచి కదలనంది. చీకటి పడ్డాక హరికిషన్ కాగితం ముందుకు లాక్కున్నాడు. జాకీర్‌ను పిలిపించి, అతను చెప్తుంటే తానే రాసుకున్నాడు.

కొన్నాళ్ళకు గేటు తీశారు, రోగుల బండ్లకు మాత్రమే. జాకీర్ కేసు ఇప్పటికీ విచారణలోనే ఉంది. రజిత కేసు మాత్రం చకచకా కోర్టుకెక్కింది. వాయిదా ఉన్న ప్రతిసారీ పార్లర్ మూసుకుని కోర్టుకు పోతుంది. పోయేటప్పుడు స్టేషన్ ముందు ఆగి, కాపలా ఉన్నవాళ్ళెవరైనా సరే, గట్టిగా అడుగుతుంది.

“నా కేసు కోర్టుకొచ్చింది. పీరాంబీ అత్తది యాడ ఆగింది?”